చివరి మడి దాకా

సాతంరాయి,
19 జూన్ 2011

అక్కా,

ముందు శుభవార్త, తర్వాత క్షేమ సమాచారాలు. నీ తమ్ముడు వీరేందర్ ఇంజనీరు కాబోతున్నాడు. నవ్వకు. కాలేజీలో నాలుగేళ్లు కూర్చున్నవాడే ఇంజనీరని ఎక్కడ రాసిపెట్టి ఉంది?

సంగతి చెబుతాను. ఎయిర్‌పోర్టు కార్గో షెడ్డులో నా పనేమిటో నీకు తెలుసు. సరుకు పెట్టెల మీది చీటీలు చదివే స్కానర్లు, కాంటాలు, కంప్యూటర్లు, వీటన్నిటినీ కలిపే వైర్లు లాగడం. మూడేళ్లుగా నిచ్చెన ఎక్కి సీలింగులో దూరడం, తలంతా దుమ్ము పూసుకుని దిగడం. వైరు లాగేది నేను. అది వెళ్లి చేరే ఏసీ గదిలో కుర్చీ వేసుకుని కూర్చునేది వేరేవాళ్లు. మొన్న మా సూపర్‌వైజర్ మల్లేశ్వర్ సార్ అందర్నీ వరసగా నిలబెట్టి చెప్పాడు. వచ్చే ఏప్రిల్ ఒకటిన కొత్త కాంట్రాక్టరు వస్తాడట. నెట్‌వర్క్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లనే ఈ పనిలో ఉంచుకుంటాడట. లేనివాళ్లు మూటలెత్తే లోడింగ్‌కు పోవాలి, లేదంటే ఇంటికి.

"ఐటీఐ చదివినోళ్లు గూడ రాయొచ్చా సార్?" అని అడిగాను.

"నీ చదువుతోని ఆ పరీక్షకు పనిలేదు. కంప్యూటర్ ముంగట కూసోని పాసైతే ఐనట్టె," అన్నాడు.

ఇంకేం కావాలి? ఆ సాయంత్రమే కోఠీకి పోయి పుస్తకం కొన్నాను. ఇటుకంత ఉంది. అమ్మ చూసి "గిది చదువుతవా, తల కింద పెట్టుకుంటవా?" అంది. ఫీజు నా రెండు నెలల జీతం. తప్పితే అదీ పోయినట్టే. కానీ తప్పే ఆలోచన నాకు లేదు.

ఒక్కటే చిక్కు. అంతా ఇంగ్లీషు. పేజీ చదువుతాను, అర్థమైందనుకుంటాను, పుస్తకం మూస్తే ఏమీ మిగలదు. దీనికి మందు చెప్పు. మీ ఊళ్లో టవర్ ఎప్పుడు వేస్తారో గానీ, నెలకోసారి అంగడికి వచ్చి నువ్వు చేసే ఫోను అమ్మకే చాలదు. అందుకే ఈ ఉత్తరం.

బాపు బాగున్నాడు. కుంట కింది పొలాలన్నీ ప్లాట్లయ్యాక, ఊరికి నీళ్లు పంచే నీరడి పని పోయిందని ఒక నెల దిగులుపడ్డాడు కదా. ఇప్పుడు తెల్లారి లేచి వీధి నల్లాలు చూసి వస్తున్నాడు. ఎవరింటి ముందు నీళ్లు ఊరికే పోతున్నాయో చూసి కట్టేస్తాడు. ఎవరూ పెట్టని పని, జీతం లేని పని. చేయకపోతే మాత్రం ఆయనకు తోచదు.

నీ తమ్ముడు,
వీరేందర్


ఆశ్రమ పాఠశాల, ఉట్నూరు మండలం,
8 జూలై 2011

కాబోయే ఇంజనీరు గారికి,

నవ్వొద్దన్నావు కనుక కడుపారా నవ్వి, ఆ తర్వాతే కలం పట్టుకున్నాను. నవ్వింది నీ మీద కాదు, అమ్మ మాటకు.

నీ జబ్బు నాకు పాతదే. తొమ్మిదో తరగతిలో నేను లెక్కలు చెబుతుంటే "ఆఁ, ఆఁ" అని తల ఊపేవాడివి. సుద్దముక్క చేతికిస్తే తెల్లమొహం వేసేవాడివి. చదివింది తలకెక్కిందో లేదో తెలియాలంటే ఇంకొకరికి చెప్పి చూడాలి. ఇక్కడ మా ఆడపిల్లలతో అదే చేయిస్తాను. పాఠం వచ్చేసిందన్న పిల్లను లేపి వెనక బెంచీకి చెప్పమంటాను. సగంలో ఎక్కడో ఆగిపోతుంది. రానిది అక్కడే ఉందన్నమాట.

కాబట్టి నా షరతు విను. ఒక్కో పాఠం నాకు తెలుగులో ఉత్తరంగా రాయి. కంప్యూటర్ ముట్టుకోని లెక్కల పంతులమ్మకు అర్థమయ్యేటట్టు రాయి. అర్థం కాకపోతే ప్రశ్న అడుగుతాను. దానికి జవాబు రాసిన తర్వాతే ముందుకు పోవాలి. ఒప్పుకుంటే చదువుకో, లేకపోతే ఆ పుస్తకాన్ని అమ్మ చెప్పినట్టు తల కిందే పెట్టుకో.

ముట్టుకోలేదన్నాను గానీ, మా బడిలో కంప్యూటర్లు లేవనుకోకు. పది ఉన్నాయి. రెండేళ్ల కింద సర్కారు పంపింది. హెడ్మిస్ట్రెస్ తారాబాయి మేడం గదిలో అట్టపెట్టెల్లోనే భద్రంగా ఉన్నాయి. వాటి మీద దుప్పటి పరిచి ఆమె టిఫిన్ డబ్బా పెట్టుకుంటుంది. విప్పితే పాడవుతాయని, పాడైతే తన జీతంలో కోస్తారని ఆమె భయం. మంచి మనిషే, ఏం చేస్తుంది పాపం.

బాపును ఎండలో తిరగనివ్వకు.

నీ అక్క,
స్వర్ణలత


సాతంరాయి,
12 ఆగస్టు 2011

పంతులమ్మ గారికి,

ఇది నాలుగో పాఠం. మొదటి మూడూ అర్థమయ్యాయన్నావు కాబట్టి గర్వంగా రాస్తున్నాను. వైరు కొసకు ప్లగ్గు బిగించేటప్పుడు రంగుల వరస మళ్లీ అడిగావు. తెల్లనారింజ, నారింజ, తెల్లపచ్చ, నీలం, తెల్లనీలం, పచ్చ, తెల్లగోధుమ, గోధుమ. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఈ పాఠం దగ్గర మాత్రం వారం రోజులు పరేషాన్ అయ్యాను. ప్రతి యంత్రానికీ ఒక నంబరు ఉండాలి. రెండింటికి ఒకే నంబరు ఉండకూడదు. మన దగ్గర రెండు వందల యాభై ఆరు నంబర్లు ఉన్నాయనుకో. నాలుగు గదులకు పంచితే గదికి అరవై నాలుగు. ఇంతవరకూ నీ లెక్కే. కానీ గదిలో యంత్రాలకు ఇవ్వగలిగేది అరవై రెండే అంటుంది పుస్తకం. మొదటి నంబరు ఆ గదికే పేరు. చివరి నంబరు గదిలో అందర్నీ ఒకేసారి పిలవడానికి. ఎన్నిసార్లు చదివినా ఆ రెండూ తీసెయ్యడం మరిచిపోతున్నాను.

వాకిట్లో కూర్చుని పైకి చదువుతుంటే బాపు విన్నాడు.

"గిండ్ల పరేషాన్ ఏముంది రా? కల్లంల మొదటి చాట పోచమ్మకు, అడుగుది నీరడికి. నడుమ ఉన్నదే రైతుది. ఎవలన్న మరిచిపోతరా?" అన్నాడు.

అంతే అక్కా. ఆ తర్వాత ఒక్క లెక్క తప్పలేదు. బాపు ముప్పై ఏళ్లు చేసిందే పుస్తకంలో ఇంగ్లీషులో ఉంది.

ఆయన పద్ధతి నీకు గుర్తుందా? ఎవరి వంతు నడుస్తున్నా తూము పూర్తిగా మూసేవాడు కాదు. చివరి మడికి సన్న ధార వదిలేవాడు. అది తడిసిందని పోయి కళ్లారా చూసుకుని వచ్చాకే అన్నం ముట్టేవాడు. అమ్మ ఎంత తిట్టినా సరే. రౌటర్ అనే యంత్రం పని కూడా తూము పనే. దానికి మనం ఒక జాబితా రాసిస్తాం. వీళ్లను పోనీ, వీళ్లను ఆపు అని. అది పై వరస నుంచి చదువుతూ వస్తుంది. తగిన వరస దొరకగానే ఆ ప్రకారం చేసేస్తుంది, కింది వరసలు చూడదు. చూశావా, ఎంత తేలికో!

పరీక్ష సెప్టెంబర్ పదిన, శనివారం. రాసి పెట్టుకో, ఆ సాయంత్రం నీ తమ్ముడి చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది.

వీరేందర్


ఆశ్రమ పాఠశాల, ఉట్నూరు మండలం,
30 ఆగస్టు 2011

తమ్ముడూ,

పాఠం బాగుంది. పోచమ్మ చాట మా తొమ్మిదో తరగతికి కూడా చెప్పాను. జంగుబాయి అనే పిల్ల ఒకతి ఉంది, నోరు ఊరుకోదు. "టీచర్, మా ఊళ్లో కూడా మొదటిది అమ్మోరికే," అని ఎగిరి గంతేసింది.

ఒక్క ప్రశ్న. ఆ తూము జాబితా గురించి. జాబితా మొత్తం చదివినా పేరు ఏ వరసలోనూ లేనివాడు వచ్చాడనుకో. వాడిని పోనిస్తుందా, ఆపుతుందా? నువ్వు రాయలేదు. మరిచావా, నీకే తెలియదా? జవాబు రాసే దాకా ముందుకు పోవద్దు, షరతు గుర్తుంది కదా.

పరీక్ష బాగా రాయి.

అక్క


సాతంరాయి,
28 అక్టోబర్ 2011

అక్కా,

క్షేమం. సకల జనుల సమ్మెలో బస్సులు లేక, టపా సరిగ్గా రాక ఇన్నాళ్లూ రాయలేదు. సమ్మె వల్లే నా పరీక్ష కూడా వాయిదా పడింది. కొత్త తేదీ ఇంకా చెప్పలేదు. షెడ్డులో పని ఎక్కువగా ఉంది, పాఠాలు తర్వాత రాస్తాను. అమ్మ, బాపు బాగున్నారు.

వీరేందర్


ఆశ్రమ పాఠశాల, ఉట్నూరు మండలం,
9 నవంబర్ 2011

వీరేందర్,

లెక్కల పంతులమ్మకు అబద్ధం రాసేటప్పుడు తేదీలైనా సరిచూసుకోవాలి. సమ్మె మొదలైంది సెప్టెంబర్ పదమూడున. నీ పరీక్ష పదిన. మూడు రోజుల తర్వాత వచ్చిన సమ్మె నీ పరీక్షను ఎట్లా ఆపింది?

నాకు కోపం వచ్చింది. దాచి రాయడం నాకు రాదు. తప్పినందుకు కాదు, తప్పితే మళ్లీ రాస్తావు. నాకు చెప్పకుండా నీళ్లు నమిలావు చూడు, అందుకు. నెలన్నర పాటు నీ ఉత్తరం కోసం టపా సంచి వచ్చినప్పుడల్లా గేటు దాకా పరిగెత్తాను. చివరికి వచ్చింది ఆరు ముక్కలు. అందులో వేళాకోళం లేదు, పాఠం లేదు, నువ్వే లేవు.

నా ప్రశ్నకు జవాబు కూడా లేదు.

ఎన్ని మార్కులొచ్చాయి? ఎక్కడ పోయింది? ఇంట్లో ఎవరికి తెలుసు? వరసగా రాయి.

అక్క


సాతంరాయి,
24 నవంబర్ 2011

అక్కా,

వరసగా రాస్తున్నాను. వెయ్యికి ఏడు వందల తొంభై ఏడు. కావాల్సింది ఎనిమిది వందల ఇరవై అయిదు. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఫలితాలు ఆలస్యమని అమ్మకు చెప్పాను. బాపు ఏమీ అడగలేదు, అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

ఎక్కడ పోయిందో చెప్పాలంటే సిగ్గేస్తుంది. నీ ఆగస్టు ఉత్తరం పరీక్షకు ముందు రోజే వచ్చింది. పాసయ్యాక దర్జాగా విప్పుదామని పుస్తకంలో పెట్టి పోయాను. పరీక్షలో ఒక పెద్ద ప్రశ్న. నిజమైన రౌటర్ మాదిరి తెర ముందు పెట్టి చెయ్యమంటారు. ఒక ఆఫీసులో లెక్కల సర్వర్‌కు మేనేజర్ కంప్యూటర్ ఒక్కటే పోవాలి, ఇంకెవరూ పోకూడదు. జాబితా రాయి. మేనేజర్‌ను పోనీ అని మొదటి వరస రాశాను. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ నేను బాపు కొడుకును కదా. తూము పూర్తిగా మూయడానికి చెయ్యి రాలేదు. మిగతా వాళ్లను కూడా పోనీ అని కింద ఇంకో వరస రాసి, చివరి మడి తడిపినంత తృప్తిగా బయటికి వచ్చాను. తెర మీద "ఫెయిల్" అని పడింది.

ఇంటికొచ్చి నీ ఉత్తరం విప్పాను. జాబితాలో లేనివాడు వస్తే ఏమిటని అడిగావు. పుస్తకం తిరగేశాను. లేనివాడిని ఆపేస్తుంది. మనం రాయకపోయినా చివర కంటికి కనిపించని వరస ఒకటి ఉంటుందట, అందర్నీ ఆపమని. అదీ నీ ప్రశ్నకు జవాబు. ఇంకా కొన్ని మార్కులు అక్కడక్కడా పోయాయి గానీ, ఈ ఒక్కటి సరిగ్గా చేసి ఉంటే గట్టెక్కేవాణ్ణి. ఉత్తరం విప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. ఆ రోజు ఎంతసేపు ఏడ్చానో నీకు చెప్పను.

చెప్పడం మొదలుపెట్టాక మొత్తం చెప్పెయ్యాలి కదా. మాతో పని చేసే శ్రావణ్‌కుమార్ పోయిన నెల తొమ్మిది వందల పైన మార్కులతో పాసయ్యాడు. పరీక్షలో వచ్చే ప్రశ్నలు ముందే బయటికి వస్తాయి, జవాబులతో సహా. డంపులు అంటారు. మూడు వందల ప్రశ్నలు కంఠతా పట్టేశాడు.

"పుస్తకం పక్కన వెట్టన్నా. గివి బట్టీ కొట్టు, పది రోజులల్ల అయిపోతది," అని ఒక కట్ట ఇచ్చాడు. మంచికే ఇచ్చాడు.

ఆ కట్ట నా పరుపు కింద ఉంది. ఇంకా చదవలేదు. ఏప్రిల్‌కు నాలుగు నెలలే ఉంది. ఇంకోసారి తప్పితే ఫీజు కట్టే శక్తి లేదు, లోడింగే గతి. నువ్వే చెప్పు, ఏం చెయ్యను?

వీరేందర్


ఆశ్రమ పాఠశాల, ఉట్నూరు మండలం,
10 డిసెంబర్ 2011

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏడ్చిన సంగతి చెప్పనన్నావు గానీ చెప్పావు. సంతోషం. ఇప్పుడు నేను దాచింది కూడా విను.

సమ్మెలో బడి మూతపడి పిల్లలంతా ఇళ్లకు పోయారు. బస్సుల్లేక నేను ఇక్కడే ఉండిపోయాను. తారాబాయి మేడం, నేను, రెండు మేకలు. ఒక రోజు ఆమె టిఫిన్ డబ్బా తీసి పక్కన పెట్టి, పెట్టెలు విప్పుదామన్నాను. గంటసేపు వాదించింది. పాడైతే నా జీతంలో కోసుకోండని కాగితం మీద సంతకం పెట్టించుకుని అప్పుడు విప్పనిచ్చింది. నీ ఉత్తరాలు పక్కన పరుచుకుని రెండింటిని బయటికి తీశాను. ఉట్నూరు నుంచి వైరు తెప్పించాను. తెల్లనారింజ, నారింజ అని పాడుకుంటూ ప్లగ్గు బిగించాను. మూడు ప్లగ్గులు పాడుచేశాను, నాలుగోది కుదిరింది.

రెండు కంప్యూటర్లూ వెలిగాయి గానీ ఒకదానితో ఒకటి మాట్లాడవు. నంబర్లు వేరువేరుగానే ఇచ్చాను. ఇంకేం చూడాలో నాకు తెలియదు. నీ పాఠాలు నాలుగింటితో ఆగిపోయాయి. మిగతా ఎనిమిది పెట్టెలు అట్లాగే ఉన్నాయి. బడి తెరిచాక జంగుబాయి వచ్చి చూసి, "టీచర్, మీ తమ్ముడు అయిదో పాఠం ఎప్పుడు రాస్తాడు?" అని రోజూ చెవిలో జోరీగలా అడుగుతోంది.

శ్రావణ్ కట్ట సంగతి నువ్వే తేల్చుకో. పోలీసులా వచ్చి నీ పరుపు ఎత్తి చూడను. నాలుగు నెలల్లో ఉద్యోగం పోతుందన్న భయం నాకు అర్థమవుతుంది. కానీ ఒక్క సంగతి. ఆ మూడు వందల జవాబుల్లో నా రెండు కంప్యూటర్లు ఎందుకు మాట్లాడుకోవడం లేదో ఉందా? ఉంటే అది నాకు రాసి పంపు, నేనూ బట్టీ కొడతాను. లేకపోతే అయిదో పాఠం పంపు.

బాపుకు నిజం చెప్పు. ఆయన అడగలేదంటే తెలియక కాదు.

అక్క


సాతంరాయి,
22 జనవరి 2012

అక్కా,

నువ్వు అడిగింది ఆ కట్టలో లేదు. నిజంగానే వెతికాను. అందుకే కట్ట శ్రావణ్‌కు తిరిగి ఇచ్చేశాను. "పిచ్చోనివి అన్నా నువ్వు," అన్నాడు. కావచ్చు.

నీ కంప్యూటర్ల జబ్బు ఇది. నడుమ స్విచ్ పెట్టె లేకుండా రెండింటినీ ఒకే వైరుతో నేరుగా కలిపావు. పాతరకం కంప్యూటర్లను అట్లా కలిపితే వైరుకు ఒక కొస రంగుల వరస మార్చాలి. ఒకడు మాట్లాడే తీగ రెండోవాడు వినే తీగకు కలవాలి కదా. ఇప్పుడు ఇద్దరూ నోళ్లు తెరిచి అరుస్తున్నారు, వినేవాళ్లు లేరు. ఏ రంగు ఎక్కడికి మార్చాలో వెనక పేజీలో బొమ్మ గీశాను. పది కలపాలంటే స్విచ్ కావాలి. మా షెడ్డులో పాతవి పక్కన పడేసినవి ఉన్నాయి. మల్లేశ్వర్ సార్‌ను అడిగి, రాయించుకుని ఒకటి తీసుకున్నాను. పార్సెల్‌లో పంపుతున్నాను. అయిదు, ఆరు, ఏడు పాఠాలు అందులోనే ఉన్నాయి.

బాపుకు చెప్పాను. వాకిట్లో కూర్చోబెట్టి పరీక్షలో వచ్చిన ప్రశ్న, నేను చేసిన పని, అంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"నేను తూము మొత్తం బంద్ వెట్టిన ఏడు గూడ ఉన్నది రా. నువ్వు చిన్నోనివి. కుంటల మోకాలిమంటి నీళ్లు గూడ లేకుండె. ఊరంత కూసోని నారుమళ్లకే నీళ్లు, ఇంకెవ్వలికి లేవని తీర్మానం చేసిండ్రు. బిగించి బంద్ వెట్టిన. చివరి మడి ఎండింది. అది మనదే."

"మరి నీకు మనసెట్ల వచ్చింది బాపు?"

"నీళ్లు నీరడియి గావు కదా. ఊరు ఏం జెప్పిందో ముందుగాల్ల మంచిగ ఇనాలె. ఇడవమంటె ఇడవాలె, ఆపుమంటె ఆపాలె. ఇనకుండనే తూము కాడికి ఉరికితె ఎట్ల?"

పరీక్ష ఎట్లా రాయాలో ఇంత బాగా పుస్తకంలో ఎక్కడా లేదు అక్కా. నేను ప్రశ్న పూర్తిగా వినలేదు, తూము దగ్గరికి పరిగెత్తాను. ఇప్పుడు ప్రతి ప్రశ్ననూ ముందు తెలుగులో నాకు నేను చెప్పుకుని, ఆ తర్వాతే చెయ్యి పెడుతున్నాను. అమ్మ తన చిట్టీ డబ్బు ఫీజుకు ఇచ్చింది. మార్చి మూడున పరీక్ష. ఈసారి సాయంత్రం చేతిలో ఏముంటుందో ముందే రాయను. కానీ భయం లేదు, అది మాత్రం నిజం.

వీరేందర్


సిటీ బస్సులోంచి,
3 మార్చి 2012

అక్కా!

తొమ్మిది వందల ముప్పై నాలుగు!

బస్సు కుదుపులకు అక్షరాలు ఎగురుతున్నాయి, నేనూ ఎగురుతున్నాను. జాబితా ప్రశ్న మళ్లీ వచ్చింది, వేరే రకంగా. ఒక్కడినే ఆపమన్నారు, మిగతా అందర్నీ పోనివ్వమన్నారు. మూడుసార్లు చదివాను. ఆపాల్సిన వాడిని ఆపి, కింద మిగతా అందర్నీ పోనీ అని రాశాను. ఇంటికి పోయి ముందు బాపుకు చెబుతాను. నీకు ఇది ఆరాంఘర్ దగ్గర దిగి పోస్టు డబ్బాలో వేస్తాను.

నీ ఇంజనీరు


సాతంరాయి,
15 ఏప్రిల్ 2012

అక్కా,

కొత్త కాంట్రాక్టరు వచ్చాడు. నన్ను, శ్రావణ్‌ను ఏసీ గదిలో వేశాడు. నాకు కుర్చీ ఉంది, తలుపు మీద చీటీలో పేరు ఉంది. జీతం నాలుగు వేలు పెరిగింది. చలి మాత్రం బాగా పెడుతోంది. ఏప్రిల్ ఎండల్లో అమ్మ నా స్వెటర్ ఉతికి ఆరేస్తుంటే వాడకట్టంతా నవ్వింది.

అసలు సంగతి ఇది. పోయిన సోమవారం పన్నెండింటికి షెడ్డులో స్కానర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. దుబాయ్ విమానానికి ఎక్కాల్సిన మామిడిపండ్ల పెట్టెలు నాలుగు వందలు, ఒక్క చీటీ కూడా చదవడం లేదు. విమానానికి రెండు గంటలుంది. మల్లేశ్వర్ సార్ చెమటలు కక్కుతూ వచ్చాడు. "ఎవడు ఏం ముట్టిండు రా?"

శ్రావణ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎవరో ఆఫీసు కంప్యూటర్లో సినిమాలు చూస్తున్నారని, దాన్ని ఆపమని పై నుంచి చెప్పారట. రౌటర్లో ఆపాడు. నేను జాబితా తెరిచాను. ఒక్కటే వరస. ఆ కంప్యూటర్‌ను ఆపు. కింద ఏమీ లేదు. కంటికి కనిపించని వరస మిగతా షెడ్డు మొత్తాన్ని ఆపేసింది. నేను చేసిన తప్పుకు సరిగ్గా తిరగేసిన తప్పు. ఈసారి చివరి మడికి నీళ్లు వదలాలి. మిగతా అందర్నీ పోనీ అని ఒక్క వరస రాశాను. లైట్లు పచ్చబడ్డాయి.

కుర్చీలోంచి లేచి పరిగెత్తాను. మల్లేశ్వర్ సార్ "ఎటు పోతున్నవ్ రా, అయింది గదా!" అని అరుస్తున్నాడు. షెడ్డు ఆ కొసన తొమ్మిదో గేటు దగ్గరి స్కానర్ అన్నిటికన్నా దూరం. అక్కడికి పోయి, నా చేత్తో ఒక మామిడి పెట్టె మీద పెట్టి, అది కూత పెట్టాకే తిరిగి వచ్చాను. ఆ తర్వాతే టిఫిన్ విప్పాను. ఎవరి అలవాటో నీకు చెప్పక్కర్లేదు.

సాయంత్రం సార్ అందరి ముందూ అడిగాడు, "రెండు నిమిషాలల్ల ఎట్ల పట్టినవ్ రా?" అని.

"మొదటిసారి పరీక్షల నేను ఫెయిలైంది గిండ్లనే సార్," అన్నాను.

ఫెయిలయ్యానని బయట ఎవరికీ చెప్పలేదు ఇంతవరకూ. చెప్పాక గుండె తేలికైంది. తప్పు ఎవరిదో సార్ అడగలేదు, నేనూ చెప్పలేదు. శ్రావణ్ గేటు దగ్గర నా కోసం ఆగాడు. "అన్నా, నాకు సర్టిఫికెట్ ఉన్నది గని పని రాదు. జర నేర్పుతవా?" అన్నాడు. వచ్చే ఆదివారం వస్తున్నాడు. నీ షరతే వాడికీ పెట్టాను. ఒక్కో పాఠం నాకు రాసి చూపించాలి.

వీరేందర్


ఆశ్రమ పాఠశాల, ఉట్నూరు మండలం,
28 జూన్ 2012

ఇంజనీరు గారికి (ఈసారి నవ్వకుండా),

ఈ ఉత్తరం వచ్చిన రోజే విప్పు. పుస్తకంలో పెట్టకు.

ఎండాకాలం సెలవులయ్యాయి, బడి తెరిచాం. దుప్పటి తీసేశాం. తారాబాయి మేడం డబ్బా పెట్టుకోవడానికి ఆమెకు వేరే స్టూలు కొనిచ్చాను. పది పెట్టెలూ విప్పాం. పిల్లలే వైర్లు కోశారు, పిల్లలే ప్లగ్గులు బిగించారు. రంగుల వరస పాట కట్టి పాడుతున్నారు. నంబర్లు పంచేటప్పుడు మొదటిదీ చివరిదీ ఎవరూ ముట్టుకోలేదు. నీ ఉత్తరాలన్నీ సూదీ దారంతో కుట్టి పుస్తకం చేశారు. పోయిన అక్టోబర్‌ది తప్ప. అది నా దగ్గరే ఉంది. నీకు కోపం తెప్పించాల్సి వచ్చినప్పుడు పనికొస్తుంది.

తమ్ముడూ, నేను నీ పేరు చెప్పి తలెత్తుకుని తిరుగుతున్నాను. ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు, అందుకే రాస్తున్నాను.

ఇప్పుడు ప్రశ్న. తొమ్మిది కంప్యూటర్లు మాట్లాడుకుంటున్నాయి. పదోది మూల గదిలో చివరన ఉంది, పలకదు. వైరు మార్చాను, ప్లగ్గు మార్చాను, నంబరు మార్చాను. పిల్లలు వంతులవారీగా కూర్చుంటారు, వారానికి ఒకరికి ఆ మూగదాని ముందు కూర్చునే వంతు వస్తుంది. ఈ వారం జంగుబాయి వంతు. వెలిగే తెర ముందే ఊరికే చేతులు కట్టుకుని కూర్చుంది. "మీ తమ్ముడికి రాయండి టీచర్, ఆయనకు తెలుస్తుంది," అంటోంది. ఏం చెప్పను?

అక్క


సాతంరాయి,
5 జూలై 2012

అక్కా,

పోస్టుమాన్ చేతిలో ఉండగానే విప్పాను. ఆయన ఏదో చావు కబురనుకుని సైకిల్ ఆపి నిలబడ్డాడు.

పదోదానికి కారణాలు నాలుగు తోచాయి. వైరు మరీ పొడుగై ఉండొచ్చు, స్విచ్‌లో ఆ రంధ్రం పాడై ఉండొచ్చు. అది పాతదని నేనే పంపాను కదా. అన్నీ వరసగా రాసి, ఎట్లా పరీక్షించాలో బొమ్మలు కూడా గీశాను. ఆ కాగితం ఇక్కడే బల్ల మీద ఉంది. పంపడం లేదు.

ఎందుకంటే నీ ఉత్తరం బాపుకు చదివి వినిపించాను. తొమ్మిది నడుస్తున్నాయని చదివినప్పుడు తల ఊపాడు. చివరిది పలకడం లేదని చదివాక లేచి లోపలికి పోయాడు. అమ్మ అన్నం వడ్డించి పిలిస్తే రాలేదు. చూస్తే తెల్ల పంచె మార్చుకుని, కండువా భుజాన వేసుకుని, చెప్పుల కోసం వెతుకుతున్నాడు.

"ఏడికి బాపు?" అన్నాను.

"చివరి మడి తడ్వలేదని చెప్పినంక ఇంట్ల కూసుంటర్రా? నీ సామాన్ల సంచి తీస్కో, పోదాం పా."

నాకు పద్నాలుగున సెలవు దొరికింది, ఆ శనివారం పొద్దున బస్సుకు ఇద్దరం బయలుదేరుతున్నాం. జంగుబాయిని ఆ మూగదాని ముందు నుంచి లేవొద్దని చెప్పు.

వీరేందర్